వెనుక నిలబడేవాడు

తమ్ముడూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. వనపర్తి గ్రౌండ్‌లో మన ఊరి జట్టు ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంటే చూడటానికి వెళ్లాను. నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయారు. బంతి దొరికితే చాలు, అందరూ ముందుకే ఉరికారు. గోల్ కొట్టిందీ లేదు, వెనక్కి తిరిగి వచ్చిందీ లేదు.

"ముందట కొట్టేటోడు లేడు, ఎనక ఆపేటోడు లేడు. ఏం ఆటరా గిది?" అంటూ పక్కన కూర్చున్న నర్సింలు మామ తువ్వాల దులుపుకొని వెళ్లిపోయాడు.

నువ్వు ఆడేటప్పుడూ వాళ్లు అట్లాగే ఉరికేవాళ్లు. గోల్ ముందర నువ్వొక్కడివే నిలబడేవాడివి. "ఏందిరా, గుంజలెక్క నిలబడ్డవ్? ముందుకు ఉరుకు!" అని తిట్టేవాణ్ణి.

ఇవాళ కూడా వెనుక నువ్వున్నట్టే ఉరికారు. నేను ఎవరినీ తిట్టలేదు.

అన్న