బండ దిగని జంగమ్మ

గౌరవనీయులైన అధికారి గారికి,
ఇబ్రహీంపట్నం.

అయ్యా,

విషయం: మా గుట్టమీది నీలిపువ్వు ఆఖరి మొక్కను తమరి పూలగుచ్ఛం కోసం కోయకుండా ఆపించుట గురించి.

మా ఊరి గుట్టమీద, బండ నెర్రెల్లో, వానాకాలం చివర ఒక నీలిపువ్వు పూస్తుంది. జిల్లాలో ఇది మరెక్కడా కనపడలేదని వృక్షశాస్త్రం చదివినవారు వచ్చి చూసి చెప్పారు. దానిని కాపాడమని నేనే తమకు అర్జీ పెట్టుకొన్నాను. తమరు దయతో కంచె మంజూరు చేసి, రేపు ప్రారంభించడానికి స్వయంగా వస్తున్నారు. ఈ సందర్భంగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. కంచె స్తంభాలకు గుంతలు తవ్వడంలో సగం మొక్కలు పోయినవి. దీనిపై ఫిర్యాదు లేదు. కంచె అడిగింది మేమే.

2. మిగిలిన పూలను ఈ ఉదయం తమ కార్యాలయ సిబ్బంది కోసినారు. అరుదైన పువ్వు గనుక సారుకు అదే ఇస్తే గౌరవంగా ఉంటుందని వారి అభిప్రాయం. గుచ్ఛం నిండలేదట. మిగిలిన ఒక్క మొక్కనూ సాయంత్రం వచ్చి కోస్తామని చెప్పి పోయినారు.

3. మా వాడలో ఎంగిలిపూల బతుకమ్మ నాడు పూలన్నీ పేర్చి, కొసన ఈ పువ్వు ఒక్కటే పెడతారు. అదీ వాడకు పెద్దామె తెంపాలి. గింజ పడాలని రెండోది ఎవరూ ముట్టరు. ఇప్పుడు ఆ పెద్దామె మా అమ్మ జంగమ్మ. ఈ ఏడు తక్కువ పూసినవని ఆ ఒక్కటి కూడా తెంపలేదు.

4. సదరు జంగమ్మ ప్రస్తుతం ఆ ఆఖరి మొక్కకు అడ్డంగా బండమీద కూర్చుని ఉన్నది. అన్నం ముట్టలేదు, బీపీ గోలీ వేసుకోలేదు. ఎండకు బండ కాలుతున్నది. గొడుగు పడితే నీడ పువ్వుమీద పడుతున్నదని తీసేయించింది. దిగి రమ్మని కాళ్లు పట్టుకుంటే, "నేను లేస్తే దీన్ని గూడ తెంపుకపోతరు. మొదాలు అర్జీ రాసినవ్ గదా, ఇంకోటి రాయి పో" అన్నది. అందుకే రాస్తున్నాను. నాకు భయంగా ఉన్నదయ్యా, వేరే దారి తోచడం లేదు.

కావున సాయంత్రంలోపు కోత ఆపమని సిబ్బందికి ఒక్క ఫోను చేయించగలందులకు ప్రార్థన. తల్లి ప్రాణంతో ముడిపడిన ఈ మనవిని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పరమేష్

తా.క.: సారూ, కోసిన పూలు రేపు మీ చేతికే ఇస్తరు. వాటిల్ల కొన్నిటికి కాయ ముదిరింది. ఫోటో దిగినంక పడెయ్యకుండ్రి. జర బండ దాక తెచ్చి అమ్మ చేతిల పెట్టుండ్రి. నా మాటకు లేస్తలేదు, మీ మాటకు గూడ లేవది. గింజను చూస్తే లేస్తది.