ఊపిరి పాఠం

చిట్టి చెల్లికి,

సోమవారం ఉద్యోగం మానేస్తున్నాను. కంగారుపడకుండా చదువు.

సముద్రం గురించీ, మారిపోతున్న వాతావరణం గురించీ హైస్కూలు పిల్లలకు ఎలా చెప్పాలో టీచర్లకు నేర్పడమే కదా నా పని. నిన్న ముప్ఫై మంది వచ్చారు. ఒక్కొక్కరి ముందూ ఆమ్లం తగిలితే రంగు మారే మందు కలిపిన నీలం నీళ్ళ గ్లాసు, స్ట్రా. ఊదితే మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి నీలం కాస్తా పసుపవుతుంది. బొగ్గు, పెట్రోలు పొగ సముద్రపు నీటిని ఇలాగే ఆమ్లంవైపు మార్చి పాడుచేస్తోందని చూపించడానికి ఈ ప్రయోగం. ఒక మాస్టారు ఊదమంటే పీల్చి దగ్గారు, అందరం నవ్వాం. ఆయనే తేరుకుని పక్కావిడ గ్లాసు ఎత్తి, "చూశారా, దొంగ దొరికింది! సముద్రాన్ని చెడగొట్టేది మీ ఊపిరే!" అన్నారు. నేను "నోరు మూసుకోండి" అని అరిచేశాను. అందరూ వెళ్ళేదాకా పంపు దగ్గర కడిగిన గ్లాసులే కడుగుతూ నిలబడ్డాను.

ఎందుకో నీకూ చెప్పలేదు. రెండేళ్ళ క్రితం వంటింట్లో నా కూతురి చేత ఇదే ప్రయోగం చేయించి, ఇదే మాట నేనూ సరదాగా అన్నాను. వారం తర్వాత, "అమ్మా, తక్కువ ఊపిరి తీస్తే సరిపోతుందా?" అని అడిగింది. తప్పు పొగగొట్టాలది, నీది కాదు తల్లీ అని చెప్పాల్సింది పోయి నవ్వేశాను. ఆ వేసవిలోనే, స్కూలు దగ్గరని వంక పెట్టి నీ ఇంటికి వచ్చేసింది. మీ బావ పోయాక మిగిలిన ఒక్క తోడునీ నా నోటితో నేనే పంపేసుకున్నాను. సాయంత్రం తాళం తీస్తే పలకరించే దిక్కు లేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నాకింక ఎవరికి నేర్పే అర్హత ఉంది?

దానికి మాత్రం చెప్పకు.

నీ అక్క

*

అమ్మా,

చెప్పొద్దన్నావని పిన్ని చెప్పలేదు. ఉత్తరం నా బల్ల మీద పెట్టి కూరగాయలకు వెళ్ళింది.

ఊపిరి సంగతి మా స్కూలు సైన్సు టీచరు ఎప్పుడో తేల్చేసింది. ఆవిడ నీ దగ్గర నేర్చుకున్నావిడే. "ఊదించాక, తప్పు మీ ఊపిరిది కాదని చెప్పకుండా ఒక్క పిల్లనీ ఇంటికి పంపొద్దని మా మేడం ఏడుస్తూ చెప్పారు" అంది. ఆ మేడం ఎవరో నేను క్లాసులో చెప్పలేదు.

నేను వచ్చేసింది అందుకు కాదు. నువ్వు ఏ మాట మొదలుపెట్టినా పాఠమయ్యేది. నేనెలా ఉన్నానో అడిగేదానివి కాదు. నీ ఎదురుగా కూర్చున్నా ఒక్కదాన్నే అనిపించేది.

ఉద్యోగం మానకు. మానితే రోజంతా నాకే చెప్తావు.

ఆదివారం రా. లెక్కల్లో తప్పాను. పిన్నికి కూడా తెలీదు. వచ్చి అందరి అమ్మల్లాగే తిట్టు.

నీ కూతురు