బ్యాంకాక్‌లో బతికే ఉన్నాను

బ్యాంకాక్, బుధవారం.

శ్రీదుర్గ నాన్నగారికి,

నేను ప్రాణాలతో ఉన్నాను. ఈ మాట ఎందుకు రాయాల్సి వచ్చిందో కింద చదవండి.

"నువ్వు వెళ్లి ఆరేళ్లయింది వదినా, ఆ రద్దీలో తప్పిపోతావు, ఈసారీ నేనే వెళ్తాలే" అన్నాడు కదా మీ తమ్ముడు హరిబాబు. తప్పిపోలేదు. ఆనవాళ్లన్నీ మారిపోయాయి, రోడ్డు నెత్తిన రైలు పోతోంది. గంటసేపు టాక్సీ కదలకపోతే దిగి, బైకు వెనక కూర్చుని, సైలెన్సరుకు కాలు కాల్చుకుని మొక్కల సంతకు చేరాను.

మనకు అంటుమొక్కలు ఇచ్చే సోమ్‌సీ నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేసి దండం పెట్టింది. తన ఫోన్‌లోకి వాళ్ల భాషలో ఏదో చెప్పి, దాన్ని తెలుగులోకి మార్చి వినిపించింది: "మీరు చనిపోయారని మీ మరిది చెప్పాడు. మీ పేరున గుడిలో సన్యాసులకు అన్నం పెట్టాను." రెండేళ్లుగా మొక్కలన్నీ మన నర్సరీకి కాక అతని పేరున పంపుతోందట.

ఇది మీకు తెలుసా? ఫోన్‌లో అడిగితే "పోనీలేవే, తమ్ముడే కదా" అంటారు. అందుకే కార్డు ముక్క రాశాను. పోస్ట్‌మాన్ గున్నేశ్వరరావుగారు చదివి కడియం ఊరంతా చెప్పి గాని మీకివ్వరు. చెప్పనీయండి.

కంటైనరు దగ్గరుండి ఎక్కించి నెల రోజుల్లో వస్తాను. షెడ్డు తాళాలు హరిబాబుకు ఇవ్వకండి. అంట్లకు రోజూ నీళ్లు పెట్టించకండి, కుళ్లిపోతాయి. అమ్మాయి జ్వరం తగ్గిందా? అత్తయ్యగారికి నమస్కారాలు.

నేను బతికుండటం శుభవార్తే కాబట్టి, హోటల్ వంటింట్లో పసుపు అడిగి కార్డు నాలుగు మూలలా పెట్టాను. చావు కబురనుకుని చింపేయకుండా మీ తమ్ముడికి చూపించండి.

వీరవేణి