పదిహేనుకి పద్నాలుగు

మహామేధావి అయిన మా బావమరిదికి,

నేను నిచ్చెన మీంచి పడి తల పగలగొట్టుకున్న సంగతి మీ అక్క ఫోన్లో చెప్పే ఉంటుంది. తలకి కుట్లు వేశారు గానీ నోటికి వెయ్యలేదు. అదే కొంప ముంచింది.

ఈ ఆసుపత్రిలో నాకు స్పృహ ఎంతుందో తేల్చడానికి రోజూ పదిహేను మార్కులకి పరీక్ష పెడుతున్నారు. కళ్ళు తెరిచాను, చెయ్యెత్తమంటే ఎత్తాను. "ఎక్కడున్నారు?" అంది డాక్టరమ్మ. "అత్తారింట్లో. చప్పిడి తిండి పెట్టి సవాలక్ష ప్రశ్నలు వేసేది అక్కడే కదా" అన్నాను. మతి కుదురుగా లేదని ఒక మార్కు కోసేసింది. పదిహేనుకి పద్నాలుగు! బడిలో ఎన్నడైనా వచ్చాయా నాకు? అయినా ఇంటికి పంపరట.

సరేనని ఇవాళ పేరు, ఊరు, సంవత్సరం బుద్ధిగా చెప్పాను. డాక్టరమ్మ మురిసిపోయి పూర్తి మార్కులు వేసింది. మీ అక్క గొల్లుమంది.

"మా ఆయన ఇంత మర్యాదగా ఎప్పుడూ మాట్లాడలేదమ్మా! లోపల ఏదో అయింది, మళ్ళీ స్కానింగ్ తియ్యండి!"

తీస్తారట. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "ఏదో ఒకటి వెటకారంగా అనండీ" అని బతిమాలింది. పెళ్ళయ్యాక ఆవిడ ఆ మాట అనడం ఇదే మొదలు. నాకు ఒక్క ముక్క తోచలేదురా. భయమేసింది.

వెంటనే బయలుదేరు. ఆ అత్తారింటి వెటకారం నేను పడకముందూ ఉన్నదేనని డాక్టరమ్మకి చెప్పు. తర్వాత వచ్చి నా ఎదురుగా కూర్చో. నీ ముఖం చూశాక కూడా నాకు మాట రాకపోతే, అప్పుడు మీ అక్కతో కలిసి నువ్వూ ఏడువు.

ఇట్లు,
మీ బావ