వ్యాన్‌లో మావయ్య

అన్నయ్యా,

నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. బడి వ్యాన్ల రిజిస్ట్రేషన్ ఫీజు మళ్ళీ పెంచారని మండిపడి, మీ బావ మన బండిని సొంత బండిగానే ఉంచేసి, కిరాయికి పిల్లల్ని బడికి తిప్పుతున్నారు. పోలీసులు ఆపితే "ఈయన మా మావయ్య" అనమని పిల్లలందరికీ నేర్పారు.

నిన్న వంతెన దగ్గర నిజంగానే ఆపారు. అందరితో పాటు మన చిన్నదీ బిక్కచచ్చిపోయి "మావయ్యే" అందట. వదిలేశారు. ఈయన ఇంటికొచ్చి ఒకటే నవ్వు.

అది నవ్వలేదు. అన్నం దగ్గర "మావయ్యకీ పెట్టమ్మా" అంది. "నాన్నేనే!" అంటే తలుపు వైపు చూసి, "గట్టిగా అనకు, వింటారు" అంది.

దాని అసలు మావయ్యవి, ఒక్కసారి రా. ఇంట్లో నాన్నని నాన్నా అనొచ్చని నువ్వు చెబితే వింటుందేమో. తలుపు మాత్రం కొట్టకు. బయటి నుంచే పిలువు.

నీ చెల్లెలు