జంపఖానాల 'ప'

బామ్మర్దీ యాదగిరీ,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. పొద్దుగాల మీ అక్క నీ ఫోటోకు దండేసింది. నేను జంపఖానాల దుకాణం బంద్ పెట్టి, క్యాసెట్ల మీద నడిచే మన చిన్న కంప్యూటర్ టీవీకి తగిలిచ్చి కూసున్న. ఈ ఉత్తరం గూడ దాంట్లనే, ఇంగ్లీషు అక్షరాలల్ల తెలుగు కొడుతాన.

మనం రాసిన ప్రోగ్రాం ఇంకా మంచిగనే నడుస్తాంది. సంగతి కొట్టి తాళం మాట పెడితే, అక్షరాలన్ని కలిసిపోయి ఎవ్వరికి సమజ్ కావు. క్యాసెట్ల ఎక్కిచ్చి డోర్నకల్ రైలుబండ్ల నీకు పంపితే, నువ్వు అదే మాట కొట్టి ఇప్పుకునేటోనివి. "బావ బామ్మర్దుల దొంగ ముచ్చట్లు" అని మీ అక్క నవ్వేది.

నీ ఆఖరు క్యాసెట్ ఒక్కటే నాకు ఇప్పరాలే. "ఈసారి తాళం నీ దుకాణం సరుకే బావా" అని అంతకుముందు వారం స్టేషన్ల చెప్పి పోయినవ్, క్యాసెట్ తర్వాత బండ్ల వచ్చింది. నేను మన బోర్డు మీదున్నట్టే 'జంపఖానా' అని కొట్టిన. రాలే. టేపు పోయిందనుకొని పక్కకు పెట్టిన.

ఇయ్యాల యాదికొచ్చింది, నువ్వెప్పుడు 'జంఖానా' అనేటోనివి. నడిమిట్ల 'ప' తీసేసి కొట్టిన. ఇప్పుకున్నది.

"బావా, రెండు రోజుల సంది ఛాతిల నొప్పి లేస్తాంది. ఐతారం నువ్వొస్తే దవాఖానకు పోదాం. ఒక్కన్ని పోవాలంటే భయమైతాంది. అక్కకు చెప్పకు."

ఆ ఐతారం నేను కొత్తవాడల మగ్గాల కాడ సరుకు మడతలు పెట్టుకుంట ఉన్న. మంగళారం నువ్వు పోయినవ్.

మీ అక్క వస్తాంటే టీవీ బంద్ చేసిన.

"ఏమన్న ఉన్నదా అండ్ల?"

"లేదు. టేపు ఖరాబైంది."

"వాడెప్పుడు అగ్గువ సస్తా టేపులే కొనేటోడు," అన్నది.

అవునన్న.