ఎర్లీన్ అందుకునే జాగా

మరదలు వెర్డెల్‌కు,

కులాసాగా ఉన్నావనుకుంటాను. నాకు రాయడం రాదని నీకు తెలుసు. ఫోనులో అయితే మాటే రాదు.

మీ అక్క ఎర్లీన్ పోయాక మానేసిన పాట మళ్లీ మొదలుపెట్టాను. మన పాత సోల్ పాటల్లోలాగా బ్యాండు లేదు, బాకాలు లేవు. వంటింట్లో టేపు మిషను పెట్టుకుని నేనొక్కణ్ణే చేస్తున్నాను. చర్చిలో పాట నడిపే పెద్ద, డీకను, ఒక వరస అందిస్తే జనం దాన్ని సాగదీసి తిరిగి పాడతారే, అలాగ. వరస అందిస్తాను, ఆగుతాను. జవాబు ఎర్లీన్‌ది. ఆమె ఎప్పుడూ తాళానికి వెనకబడి అందుకునేది కదా, అంత జాగా వదులుతున్నాను. టేపు నిండా ఆ ఖాళీలే.

మెంఫిస్‌లో రికార్డులు వేసే ఒకాయన వచ్చి విన్నాడు. "పెద్దాయనా, పాట మధ్యలో కునుకు తీశావా? ఈ ఖాళీల నిండా ఆర్గన్ వాయింపు పోసేద్దాం" అన్నాడు. కాఫీ ఇచ్చి పంపేశాను.

ఎవరికీ చెప్పనిది నీకు చెబుతున్నాను. టేపు వెనక్కి తిప్పి వింటే ఆ ఖాళీల్లో ఎర్లీన్ కుర్చీ కిర్రుమంటుంది. ఊపిరి తీసుకునే ముందు వెనక్కి వాలేదే, ఆ చప్పుడు. ఆ తర్వాత పాట మాత్రం రాదు. ఇక ఎదురుచూడలేను. నీ గొంతు అచ్చం ఆమె గొంతే. వచ్చి ఆ జవాబులు పాడతావా? కాదంటే టేపులన్నీ పొయ్యిలో వేసేస్తాను.

నీ బావ,
ఓథా

వెర్డెల్ తల్లీ,

నువ్వు వచ్చినప్పుడు వండిపెట్టిన అలసందలు ఇంకా ఉన్నాయి. నీ తిట్లూ ఇంట్లోనే తిరుగుతున్నాయి.

"అక్క కుర్చీలో నన్ను కూర్చోబెడదామనా బావా? నా గొంతు నాది. లే! వరస నేనందిస్తా, జవాబు నువ్వు పాడు" అన్నావు. ఆడవాళ్లు వరస అందించరు కదే అని నసిగాను.

"అది చర్చిలో. ఇది మా అక్క వంటిల్లు."

అందించావు. నోరు తెరిచాను గానీ వెంటనే పాడలేకపోయాను. నీ గొంతు గోడల్లోకి పూర్తిగా ఇంకేదాకా వినాలనిపించింది. ఇన్నేళ్లూ ఎర్లీన్ వెనకబడుతోందనుకున్నాను. నన్ను వింటోందన్నమాట.

టేపులు కాల్చను. ఖాళీల పాటలు ఖాళీగానే ఉంచి, చివర మన పాట పెట్టి రికార్డు వేయిస్తున్నాను.

ఒక్క సంగతి. నా జవాబు అయిపోయాక టేపులో కుర్చీ కిర్రుమంది. మనిద్దరం నిలబడే ఉన్నాం కదా. తర్వాత ఎవరో, చాలా సన్నగా, ఊపిరి వదిలారు.

ఆ చప్పుడు నేను చెరపను. నువ్వూ చెరపమనకు.

నీ బావ,
ఓథా